చీర ఒక రంగు, ముక్క ఒక రంగు: కన్ను ఎక్కడ మారుతుందో తేల్చుకునే పద్ధతి

"అంగట్లో చూస్తే సరిపోయింది, ఇంటికి పోయి చూస్తే సరిపోలేదు." తిరుపతిలో గాంధీ రోడ్డు దగ్గర మ్యాచింగ్ సెంటర్ నడిపే నాకు తరచూ వినిపించే మాట ఇది. చీర, దానికి తీసుకున్న జాకెట్టు ముక్క రెండూ కౌంటర్ మీద పరిచి, "చూడన్నా, నువ్వే చెప్పు" అంటారు. వాళ్ల మాట అబద్ధం కాదు. మొన్న ఇదే కౌంటర్ మీద సరిపోయిందన్నదీ అబద్ధం కాదు. మధ్యలో ఏం జరిగిందో తేల్చుకోవచ్చు. డిగ్రీలో చదివిన ఫిజిక్సు, రోజూ చేతిలో ఆడే గుడ్డ, రెండూ కలిశాక నాకు కుదిరిన పద్ధతి ఇది. చీరలకే కాదు, ఇంటికి పెయింట్ ఎంచుకునేవాళ్లకీ, సైన్స్ ఎగ్జిబిషన్‌కి ఏం చేయాలా అని వెతికే పిల్లలకీ ఇదే పనికొస్తుంది.

ముందు దేన్ని భ్రమ అనాలి

రంగు మారినట్టు కనిపించడానికి నాలుగు కారణాలు ఉంటాయి. మీదపడే వెలుతురు మారి ఉండొచ్చు. గుడ్డే చూసే వైపును బట్టి రంగు మార్చే రకం కావచ్చు. పక్కనున్న రంగు మారి ఉండొచ్చు. లేదా అంతకుముందు చాలాసేపు ఇంకో రంగును చూసి చూసి కన్ను దానికి అలవాటు పడి ఉండొచ్చు. మొదటి రెండు సందర్భాల్లో గుడ్డ నుంచి కంటికి చేరే కాంతే మారిపోయింది. అవి భ్రమలు కావు, కెమెరాకి కూడా ఆ తేడా తెలుస్తుంది. సాయంత్రం దూరం నుంచి చూస్తే శేషాచలం కొండలు నీలంగా కనిపిస్తాయే, అదీ అంతే. మధ్యలో ఉన్న గాలి నీలి కాంతిని ఎక్కువగా చెదరగొట్టి మన వైపు పంపుతుంది. అక్కడ కన్ను తప్పేం లేదు. చివరి రెండు సందర్భాల్లో మాత్రం ముక్క నుంచి వచ్చే కాంతి రవ్వంత కూడా మారలేదు, మనకు కనిపించే రంగు మారింది. భ్రమ అనే మాట వీటికే దాచుకోవాలి.

ఇంతవరకూ తేలిగ్గానే ఉంది. అసలు చిక్కు ఇక్కడుంది. "కొలతకూ కంటికీ తేడా వస్తే భ్రమ" అని నిర్వచనం చెప్పేస్తాం. ఏ కొలత?

ఎండాకాలం మధ్యాహ్నం ఒకాయన నల్ల గొడుగు వేసుకుని మా అంగడి ముందు నడిచి పోతున్నాడు అనుకోండి. లోపల కౌంటర్ మీద తెల్ల లైనింగ్ గుడ్డ ఉంది. నల్ల గుడ్డ తన మీద పడ్డ కాంతిలో నూటికి 5 పాళ్లు తిరిగి పంపుతుంది. తెల్ల గుడ్డ 80 పాళ్ల దాకా పంపుతుంది. కానీ బయట నేరుగా కొట్టే ఎండ సుమారు 1 లక్ష లక్సులు (లక్స్ అంటే మీద పడే వెలుతురును కొలిచే ప్రమాణం), అంగట్లో లైట్ల వెలుతురు 500 లక్సులు ఉంటే ఎక్కువ. లెక్క వేయండి. ఆ నల్ల గొడుగు నుంచి వచ్చే కాంతి, నా కౌంటర్ మీది తెల్ల గుడ్డ నుంచి వచ్చే కాంతికి పది రెట్ల పైనే. అయినా గొడుగు నల్లగానే, లైనింగ్ తెల్లగానే కనిపిస్తాయి. కంటికి చేరిన కాంతితో పోలిస్తే ఇది ఘోరమైన తప్పు. గుడ్డ గుణంతో పోలిస్తే అచ్చంగా సరైన జవాబు.

అందుకే ఈ శాస్త్రం చదివినవాళ్లు మూడింటిని విడదీసి చెబుతారు. ఒక చోటు నుంచి కంటి వైపు ఎంత కాంతి వస్తున్నదో చెప్పేది ల్యూమినెన్స్, దీన్ని చదరపు మీటరుకి ఇన్ని క్యాండెలాలు అని మీటర్ పెట్టి కొలుస్తారు. అక్కడి నుంచి ఎంత వెలుగు వస్తున్నట్టు మనకు అనిపిస్తుందో అది బ్రైట్‌నెస్. ఆ వస్తువు ఎంత తెలుపు, ఎంత నలుపు అని మనకు అనిపిస్తుందో అది లైట్‌నెస్. మొదటిది మీటర్‌ది, మిగతా రెండూ మనిషివి. ఎవరైనా ఒక బొమ్మ చూపించి "ఇది భ్రమ" అంటే, ఈ మూడింట్లో దేన్ని దేనితో పోలుస్తున్నారో అడగండి. అది చెప్పకుండా భ్రమ అనడంలో అర్థం లేదు, నేను ఈ మాట మీద గట్టిగా నిలబడతాను.

కన్ను స్ప్రింగు కాటా కాదు, తక్కెడ. ఒక పళ్లెంలో ఉన్నదాన్ని రెండో పళ్లెంలో ఉన్నదానితో పోల్చి చెప్పడమే దానికి తెలుసు. రెండో పళ్లెంలో ఏముందో మార్చారంటే మొదటిదాని బరువు మారినట్టే ఉంటుంది. ఇక కింద చెప్పే పరీక్షలన్నీ ఆ రెండో పళ్లెంలో ఏముందో కనిపెట్టడానికే.

చిల్లుల అట్ట

లాంగ్ నోట్‌బుక్ వెనక ఉండే బూడిద రంగు అట్ట చించండి. ఆఫీసు పంచింగ్ మెషీన్‌తో ఒకసారి గుచ్చితే 8 సెంటీమీటర్ల దూరంలో రెండు చిల్లులు పడతాయి. అంతే, మీ పరికరం తయారు. చీరను, ముక్కను పక్కపక్కన పరిచి, ఒక చిల్లు చీర మీదికి, ఇంకో చిల్లు ముక్క మీదికి వచ్చేలా అట్టను ఆనించి పెట్టండి. ఇప్పుడు రెండు రంగుల చుట్టూ ఒకే బూడిద రంగు ఉంది.

చిల్లుల్లోంచి చూసినప్పుడు రెండూ ఒకటేలా ఉంటే, ఇందాక కనిపించిన తేడా పక్క రంగులు పుట్టించింది. చిల్లుల్లోంచి కూడా తేడా కనిపిస్తే, ఈ వెలుతురులో ఆ రెండు గుడ్డలకూ నిజంగానే తేడా ఉంది. తెల్ల అట్ట వాడకండి, దాని పక్కన ప్రతి రంగూ ముదురుగా కనిపించి చిన్న తేడాలు మాయమవుతాయి. ఇంకో సంగతి, ముక్కను చీర పడుగు (నిలువు దారాలు) ఎటు ఉందో అటే తిప్పి పెట్టండి. పట్టుగుడ్డను పావు చుట్టు తిప్పితేనే మెరుపు మారి రంగు ఒక మెట్టు పైకో కిందికో పోతుంది. అట్ట నీడ గుడ్డ మీద పడకుండా పూర్తిగా ఆనించడం మర్చిపోవద్దు.

ఇప్పుడు భ్రమను మీ చేత్తో మీరే పుట్టించి చూడండి. యాష్ కలర్ లైనింగ్ ముక్క ఒకటి తీసుకుని అగ్గిపెట్టె అంత సైజులో రెండు ముక్కలు కత్తిరించండి. ఒకటి మెరూన్ గుడ్డ మధ్యలో, ఇంకోటి రామా గ్రీన్ గుడ్డ మధ్యలో పెట్టండి. మెరూన్ మీదున్న ముక్క కాస్త ఆకుపచ్చదనం పట్టినట్టు, గ్రీన్ మీదున్నది కాస్త గులాబీ పట్టినట్టు కనిపిస్తుంది. మా అంగట్లో దీన్ని చూసిన అక్కలు చాలామంది ముక్కలు అటు ఇటు మార్చి చూస్తారు, రెండు వేర్వేరు తాన్ల నుంచి కత్తిరించానేమో అని. మారిస్తే రంగులు కూడా మారతాయి. ఎందుకంటే రంగు ముక్కది కాదు, చోటుది.

తేడా సరిగ్గా తెలియకపోతే రెండు పనులు చేయండి. యాష్ ముక్క ముదురుదనం, కింది గుడ్డ ముదురుదనం దాదాపు ఒకటిగా ఉండేలా చూసుకోండి. రంగులో తేడా ఉండి వెలుగులో తేడా లేనప్పుడే ఈ ప్రభావం బాగా పని చేస్తుంది. రెండోది, మొత్తం మీద ఒక బటర్ పేపర్ పరచండి. అంచులు మసకబారతాయి, రంగులు వెలిసినట్టు అవుతాయి, అయినా యాష్ ముక్కలో ఆకుపచ్చదనం పెరుగుతుంది! ఈ ఒక్క పరీక్ష కోసమే బటర్ పేపర్ కొనుక్కోవచ్చు.

చాలు అనిపించాక, అదే లైనింగ్ నుంచి సన్నటి పట్టీ కత్తిరించి రెండు ముక్కలనూ కలుపుతూ పెట్టండి. ఒక కొస నుంచి ఇంకో కొసకి కన్ను జరుపుతూ పోతే ఎక్కడా రంగు తెగదు. కాగితం మీదైనా, ఫోన్ తెర మీదైనా, ఎవరు ఏ బొమ్మ చూపించి "ఈ రెండూ ఒకటే రంగు" అన్నా నమ్మాల్సిన పని లేదు. చిల్లుల అట్ట లేదా కలిపే పట్టీ, ఈ రెండింట్లో ఒకటి పెట్టి చూసి తేల్చుకోండి.

పారిస్‌లో నల్ల దారం తగాదా

ఈ సంగతిని మొదట గట్టిగా పట్టుకున్నది కూడా గుడ్డల పని దగ్గరే. నాకు అది చాలా సంతోషంగా ఉంటుంది. పారిస్‌లో గోబెలిన్ అనే పాత నేత కార్ఖానా ఉంది, గోడలకు వేలాడదీసే బొమ్మల తివాచీలకు పేరు. 1824లో మిషెల్ యూజీన్ షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్త అక్కడి అద్దకం విభాగానికి అధికారిగా వచ్చాడు. నీలం, ఊదా రంగుల మడతల్లో నీడల కోసం వాడే నల్ల దారంలో పస లేదని ఆయనకు ఫిర్యాదులు అందాయి. వేరే చోట్ల అద్దిన మంచి నల్ల ఉన్నితో పోల్చి చూశాడు. తేడా లేదు. అద్దకంలో లోపం లేదు, లోపమంతా పక్కనున్న నీలం తెచ్చిందే అని తేల్చాడు. 1839లో దాని మీద పెద్ద పుస్తకమే అచ్చు వేశాడు. పక్కపక్కనున్న రంగులు ఒకదాన్నొకటి వీలైనంత దూరం నెట్టుకుంటాయన్నది ఆయన చెప్పిన నియమం.

ఆ పుస్తకంలో నాకు బాగా నచ్చింది ఒక తగాదా. ఎరుపు, ఊదా, నీలం గుడ్డల మీద నల్ల డిజైన్ అచ్చు వేయమని వ్యాపారులు ఇచ్చారు. తయారై వచ్చాక, ఎర్ర గుడ్డ మీద డిజైన్ ఆకుపచ్చగా ఉంది, నీలం గుడ్డ మీద రాగి రంగుగా ఉంది, మేము అడిగిన నలుపు ఇది కాదు అని గొడవ పడ్డారు. షెవ్రల్ చేసిందల్లా, డిజైన్ మాత్రమే కనిపించేలా కాగితం కత్తిరించి గుడ్డ మీద పరచడం. కింది రంగు కప్పేయగానే మూడూ నల్లగా కనిపించాయి. మన చిల్లుల అట్టకు తాత ఆ కాగితమే. ఆయన 102 ఏళ్లు బతికి 1889లో పోయాడు.

సన్నని గీత దగ్గర లెక్క తిరగబడుతుంది

పక్క రంగు ఎప్పుడూ దూరం నెడుతుంది అనుకుంటే పొరపాటు. గీతలు సన్నబడితే దగ్గరకు లాగుతుంది.

చిలకపచ్చ చీరల్లో రెండు తీసుకోండి. నేల (గళ్ల వెనక ఉండే అసలు గుడ్డ) దారం ఒకటే, ఒకదాంట్లో సన్నని పసుపు గళ్లు, ఇంకోదాంట్లో సన్నని నీలం గళ్లు. చేతిలో పెట్టుకుని దగ్గరగా చూస్తే నేల ఒకటే అని తెలుస్తుంది. ర్యాక్‌లో పెట్టి నాలుగు అడుగులు వెనక్కి వస్తే మొదటిది లేతాకు వైపు, రెండోది నెమలికంఠం వైపు జరిగిపోతాయి. మొత్తం చీరే వేరే రంగు అయిపోతుంది. 19వ శతాబ్దంలో విల్హెల్మ్ ఫాన్ బెజోల్డ్ అనే జర్మన్ వాతావరణ శాస్త్రవేత్త తివాచీల డిజైన్లలో దీన్ని గమనించాడు, ఒక్క దారం రంగు మారిస్తే తివాచీ మొత్తం మారినట్టు అవుతుందని. శ్రీకాళహస్తి కలంకారీలో కూడా చూడొచ్చు. బెల్లం నీళ్లలో ఇనుప ముక్కలు నానబెట్టి తీసిన నల్లరంగుతో దగ్గర దగ్గరగా గీతలు గీసిన చోట మంజిష్ఠ ఎరుపు ముదురుగా అనిపిస్తుంది. అదే ఎరుపు గీతల్లేని చోట లేతగా ఉంటుంది. అద్దకం ఒకటే.

కాబట్టి గళ్ల చీరకి, సన్నని జరీ చారల చీరకి ముక్క చూసేటప్పుడు రెండు దూరాల నుంచి చూడాలి. దగ్గర నుంచి చూస్తే నేల దారం రంగు తెలుస్తుంది. పెళ్లిలో మిమ్మల్ని చూసేవాళ్లకు మాత్రం మూడు మీటర్ల అవతలి రంగే కనిపిస్తుంది. నా సలహా అడిగితే, దూరం రంగుకే ముక్క తీసుకోమంటాను. ఇక్కడ చిల్లుల అట్ట పనికిరాదు. సన్నని గీతలు చిల్లులో కూడా వస్తాయి కదా.

నలుపు తెలుపుల్లో ఇదే చేయాలంటే, నలుపు తెలుపు చారల గుడ్డ మీద బూడిద రంగు కాగితాన్ని చార వెడల్పుకే కత్తిరించి, ఒక ముక్క నల్ల చార మీద, ఒక ముక్క తెల్ల చార మీద అతికించండి. నల్ల చార మీదున్న ముక్కకు రెండు పక్కలా పొడుగునా తెలుపే ఉంది. షెవ్రల్ లెక్క ప్రకారం అది ముదురుగా కనిపించాలి. కానీ లేతగా కనిపిస్తుంది. 1979లో మైకేల్ వైట్ అనే ఆస్ట్రేలియా ఆయన చూపించిన ఈ భ్రమ, ఒకే నియమంతో అన్నీ చెప్పేయొచ్చు అనుకున్నవాళ్లందరినీ ఆపింది.

నీడ

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది, నిదానంగా చదవండి.

1995లో అమెరికాలో ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్వర్డ్ ఆడెల్సన్ ఒక బొమ్మ తయారు చేశాడు. చదరంగం గళ్ల నేల, మీద ఒక ఆకుపచ్చ స్తంభం, దాని నీడ గళ్ల మీద పడింది. నీడ బయట ఉన్న నల్ల గడి, నీడలో ఉన్న తెల్ల గడి, రెండూ అచ్చు ఒకే బూడిద రంగుతో ముద్రించినవి. ఎంత తెలిసినా, ఎన్నిసార్లు చూసినా అలా కనిపించవు. మీరు మీ మిద్దె మీదే ఇది చేయొచ్చు. పొద్దున ఎండలో గళ్ల తువ్వాలు పరిచి పక్కన నీళ్ల బిందె పెట్టండి. నీడ గళ్ల మీద పడేలా సర్దుకుని ఫోన్‌తో ఫోటో తీయండి. తర్వాత ఒక కాగితానికి రెండు చిల్లులు చేసి ఫోన్ తెర మీద పెట్టి, నీడలోని లేత గడిని, ఎండలోని ముదురు గడిని మాత్రం చూడండి. సరిగ్గా ఒకటే రాకపోయినా, అనుకున్నదానికంటే ఎంత దగ్గరగా ఉన్నాయో చూసి ఆశ్చర్యపోతారు. కొన్ని తువ్వాళ్లలో నీడలోని తెల్ల గడి, ఎండలోని నీలం గడి కంటే ముదురుగానే వస్తుంది.

కన్ను ఇక్కడ ఏం చేస్తున్నది? తనకు చేరిన కాంతిని రెండుగా చీలుస్తున్నది. ఇంత వాటా గుడ్డది, ఇంత వాటా నీడది అని. నీడను తీసేసి గుడ్డ రంగు చెబుతున్నది. మనకు కావలసింది అదే కదా. ఎండలోకి నీడలోకి నడిచినప్పుడల్లా చీర రంగు మారిపోతూ ఉంటే మనిషిని గుర్తుపట్టలేం.

అది నీడ అని కంటికి ఎలా తెలిసింది అన్నది అందమైన ప్రశ్న. ఒక ఆధారం అంచు. నీడ అంచు మెత్తగా, మసకగా ఉంటుంది. రంగు అంచు తెగినట్టు ఉంటుంది. 19వ శతాబ్దంలో ఎవాల్డ్ హెరింగ్ అనే జర్మన్ శాస్త్రవేత్త చెప్పిన పరీక్ష చేసి చూడండి, పైసా ఖర్చు లేదు. తెల్ల కాగితం మీద ఏదైనా వస్తువు నీడ పడేలా చేసి, ఆ మసక అంచు మొత్తం కప్పిపోయేలా లావు నల్ల స్కెచ్ పెన్నుతో చుట్టూ గీయండి. నీడ నీడగా ఉండదు. కాగితం మీద బూడిద రంగు మరక పడినట్టు అయిపోతుంది. వస్తువు జరిపితే మళ్లీ నీడ. నేను పిల్లలకి ముందుగా చూపించేది ఇదే.

హెరింగ్‌కీ, అదే కాలంలో హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ అనే ఇంకో జర్మన్ శాస్త్రవేత్తకీ దీని మీద పెద్ద వాదం నడిచింది. మెదడు మనకు తెలియకుండానే అంచనా వేసి చెబుతుందని హెల్మ్‌హోల్ట్జ్, కంటి నరాలు పక్కపక్కవి ఒకదాన్నొకటి ప్రభావితం చేసుకోవడమే చాలని హెరింగ్. రెండో మాటకి తర్వాత బలమైన సాక్ష్యం దొరికింది. హార్ట్‌లైన్ అనే శాస్త్రవేత్త గుర్రపునాడా పీత కంటిలో, ఒక నరానికి వెలుగు తగిలితే అది పక్క నరాన్ని అణిచిపెడుతుందని చూపించాడు. 1967 నోబెల్ బహుమతిలో ఆయనకి వాటా దక్కింది. నీడ అంచు వెంబడి లోపల ఒక నల్ల చార, బయట ఒక తెల్ల చార ఉన్నట్టు కనిపించడానికి దీన్నే కారణంగా చెబుతారు. ఆ చారలను 1865లో ఎర్న్‌స్ట్ మాక్ గమనించాడు. కానీ ఇదొక్కటే చాలదు. నల్ల గళ్ల మధ్య తెల్ల దారులు గీస్తే కూడళ్ల దగ్గర బూడిద చుక్కలు మెరిసే బొమ్మ ఉంది, 1870 నాటి హెర్మాన్ గళ్లు. దాన్ని పుస్తకాల్లో పక్క నరాల అణచివేతతోనే వివరించారు. తర్వాత హంగేరీ పరిశోధకులు ఆ దారులను కొంచెం అలల్లా వంచి గీశారు. చుక్కలు మాయం. అణచివేత అలాగే ఉంది కదా, మరి చుక్కలు ఎందుకు పోవాలి? అందుకే ఈ రోజు నరాల పని కొంత, అంచనా కొంత అని రెండూ కలిపే చెబుతారు. ఒక్క కారణంతో అన్ని భ్రమలూ వివరించేశామని ఎవరైనా అంటే నేను నమ్మను.

పౌర్ణమి నాడు కొండల మీదికి చంద్రుడు వచ్చినప్పుడు కూడా ఈ సంగతే గుర్తు చేసుకోండి. చంద్రుడి నేల తన మీద పడ్డ వెలుతురులో నూటికి 12 పాళ్లే తిరిగి పంపుతుంది, తారు రోడ్డు లాంటి ముదురు రంగు. పక్కన పోల్చుకోడానికి అంతకంటే తెల్లనిది ఏదీ లేక తెల్లగా వెలిగిపోతాడు.

అందరికీ ఒకేలా కనిపించదు

2015 ఫిబ్రవరిలో ఒక గౌను ఫోటో లోకమంతా తిరిగింది. కొందరికి నీలం నలుపు, కొందరికి తెలుపు బంగారు. అసలు గౌను నీలం నలుపే. ఆ ఫోటోలో వెలుతురు ఎలాంటిదో తెలిసే ఆధారాలు లేవు. నీడలో ఉందని అనుకున్న కళ్లు ఆ నీలాన్ని నీడ ఖాతాలో వేసి గుడ్డ తెలుపు అన్నాయి. పసుపు లైటు కింద ఉందనుకున్న కళ్లు గుడ్డనే నీలం అన్నాయి. అంగట్లో అత్తాకోడళ్లు ఒకే చీర చూసి "వంకాయ రంగు", "కాదు మెరూన్" అని వాదించుకుంటే, ఇద్దర్లో ఎవరినీ తప్పు పట్టకుండా చీరను వాకిట్లోకి తీసుకెళ్తాను. వెలుతురు ఎలాంటిదో స్పష్టంగా తెలిసే చోట వాదన చాలావరకు ఆగిపోతుంది.

అలవాటుపడ్డ కన్ను సంగతి చిన్నదే. వరసగా ఎర్ర చీరలు విప్పించుకుని చూశాక ఏ క్రీమ్ గుడ్డ చూసినా కాస్త ఆకుపచ్చగా అనిపిస్తుంది. ఎరుపుకి స్పందించే కణాలు మందగించాయి అంతే. కాసేపు బూడిద రంగు గోడనో నేలనో చూసి తిరిగి చూడండి. మసక చీకట్లో ఇంకో మార్పు వస్తుంది. పగటి చూపు 555 నానోమీటర్ల (కాంతి తరంగం పొడవు) పసుపు కలిసిన ఆకుపచ్చ కాంతి దగ్గర చురుగ్గా ఉంటే, చీకటి చూపు నీలం వైపుకి, 507 దగ్గరికి జరుగుతుంది. అందుకే పొద్దుగుంకే వేళ కనకాంబరాలు నల్లబడతాయి, ఆకులు తేలుతాయి. కరెంటు పోయినప్పుడు ఎరుపు మ్యాచింగ్ చూడొద్దని చెప్పేది అందుకే.

భ్రమ కానివి తేల్చుకోవడం

చిల్లుల అట్ట పెట్టాక కూడా తేడా మిగిలిందంటే మొదటి రెండు కారణాల వైపు తిరగాలి. ధర్మవరం పట్టులో పడుగు ఒక రంగు, పేక (అడ్డం దారాలు) ఒక రంగు ఉండే డబుల్ షేడ్ చీరలు ఉంటాయి. చీరను కంటి ఎత్తుకి తెచ్చి అటు ఇటు వంచండి, రంగు దొర్లితే అది నేత గుణం. అలాంటి చీరకి పేక రంగుకో పడుగు రంగుకో ఏదో ఒకదానికి ముక్క తీసుకోవాలి, మధ్య రంగు కోసం వెతికితే దొరకదు.

వెలుతురు సంగతి ఇంకా ముఖ్యం. కంటిలో రంగు పట్టే కణాలు మూడే రకాలు. అద్దకం రసాయనాలు వేరైనా, ఒక వెలుతురులో ఆ మూడింటికీ సమానంగా తగిలితే రెండు గుడ్డలు ఒకటే రంగు. వెలుతురు మారితే ఆ సమానం చెడిపోతుంది. పట్టుకి వాడే రంగు వేరు, కాటన్ టూ బై టూకి వాడే రంగు వేరు, కాబట్టి పట్టు చీరకి కాటన్ ముక్క కలిపినప్పుడే ఈ గొడవ ఎక్కువ. అంగట్లో ఎల్ఈడీ కింద ఒకసారి, గుమ్మం బయట నేరుగా ఎండ తగలని వెలుతురులో ఒకసారి చూడండి. రెండు చోట్లా కలిస్తే ఇంట్లోనూ కలిసే అవకాశం ఎక్కువ. ఒక్క చోటే కలిస్తే, ఆ చీర కట్టుకునేది పగలా, రాత్రి ఫంక్షన్ హాల్లోనా అని నేను అడుగుతాను. జవాబును బట్టి ముక్క ఇస్తాను.

వాట్సాప్‌లో చీర ఫోటో పంపి "ఇదే రంగు ముక్క తీసి పెట్టన్నా" అనేవాళ్లకు ఒక్క మాట. ఫోటో తీసేటప్పుడు చీర మీద ఒక తెల్ల ఏ4 కాగితం, మీ చెయ్యి, రెండూ పడేలా తీయండి. పడిన వెలుతురు పసుపా నీలమా అన్నది ఆ కాగితం చెబుతుంది, దాన్ని తీసేసి చీర రంగు నేను లెక్క కట్టుకోగలను. ఫ్లాష్ వేయొద్దు, ఫిల్టర్లు పెట్టొద్దు. పట్టు చీరైతే కొంగు దగ్గర ఒకటి, కుచ్చిళ్ల దగ్గర ఒకటి, రెండు ఫోటోలు పంపండి.